ఆట నొప్పి అనుకున్నాను

నా చివరి మాత్ర మింగి ఆరేళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ దీని గురించి రాయాలని అనిపించలేదు. ఎవరైనా అడిగితే "వెన్నుకు ఆపరేషన్ అయింది" అని ఒక్క మాటలో చెప్పి ఊరుకునేదాన్ని. ఏం ఆపరేషన్, ఎందుకు అని ఇంకో ప్రశ్న వస్తే మాట మార్చేదాన్ని. ఆ జబ్బు పేరు పైకి అనకూడదన్న అలవాటు మా ఇంట్లో పడిపోయింది. నాకూ అదే అబ్బింది. ఇప్పుడు వనపర్తిలో ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్నాను. ఆటలాడే అమ్మాయిలు, అబ్బాయిలు, పోలీసు ఉద్యోగాల కోసం పరుగు నేర్చుకునేవాళ్ళు నా దగ్గరకు వస్తారు. ఒంట్లో ఏ నొప్పి వచ్చినా అది ఆట వల్లే వచ్చిందని నమ్ముతారు. నేనూ అలాగే నమ్మాను. అందుకే రాస్తున్నాను.

మాది పెబ్బేరుకు దగ్గర్లో ఒక పల్లె. నాయినకు రెండెకరాల చెలక ఉంది. మరికొంత కౌలుకు తీసుకుని పల్లి, కంది వేస్తాడు. అమ్మ ఆయనతో పాటు చేనికి పోతుంది. అన్న శ్రీశైలానికి హైవే పక్కన పంక్చర్ షాపు ఉంది. నేను రేణుకను, ఇంట్లో చిన్నదాన్ని. గురుకులంలో ఎనిమిదో తరగతి చదువుతుండగా మా పీఈటీ మేడం నా పొడుగు చూసి ఫుట్‌బాల్ జట్టులో డిఫెన్సులో నిలబెట్టింది. ఎదుటివాళ్ళు గోలు మీదికి వస్తుంటే అడ్డుపడడమే నా పని. ఆ పని నాకు బాగా నచ్చింది. జిల్లాకు ఆడాను, రాష్ట్రానికి ఆడాను. ఇంటర్ బైపీసీ అయ్యాక బెంగళూరులో ఒక మహిళల క్లబ్బు నన్ను జీతానికి తీసుకుంది.

"ఆడపిల్ల బంతి తంతే జీతమిస్తరా?" అని ఊళ్ళో నాయినను అడిగేవాళ్ళు.

"ఇస్తున్నరు మరి. మన పల్లీలకన్న నయమే ఉన్నది" అని ఆయన నవ్వేవాడు.

నన్ను బెంగళూరు బస్సు ఎక్కించడానికి హైవే దాకా వచ్చి, "కాళ్ళు పైలం బిడ్డా" అన్నాడు. మా ఇంట్లో అందరి భయమూ నా కాళ్ళ మీదే ఉండేది.

డిసెంబరు, బెంగళూరు

మూడో సీజనులో మొదలైంది. ఒక ప్రాక్టీసు మ్యాచ్‌లో బంతిని తలతో కొట్టడానికి ఎగిరి, ఇంకో అమ్మాయి భుజం తగిలి వెల్లకిలా పడ్డాను. లేచి ఆట పూర్తి చేశాను. మర్నాటి నుంచి వీపు మధ్యకు కొంచెం కిందుగా ఒకచోట నొప్పి. పడ్డాను, అందుకే నొప్పి అనుకున్నాను. నొప్పికి కారణం కళ్ళ ముందే ఉంటే మనిషి ఇంకో కారణం వెతకడు.

వారం పోయింది, నెల పోయింది. మసాజ్ చేయించుకుంటే ఆ పూటకు హాయిగా ఉండేది. మ్యాచ్ రోజున నొప్పి మాత్ర వేసుకునేదాన్ని, తరవాత ప్రాక్టీసుకు కూడా వేసుకోవడం మొదలుపెట్టాను. పొద్దున లేచేసరికి నడుము బిగుసుకుపోయి ఉండేది. వంగి బూట్ల లేసులు కట్టుకోలేక, బెంచీ మీద కాలు పెట్టి కట్టుకునేదాన్ని. నిక్కరు వదులైంది. సన్నబడ్డానని సంతోషపడ్డాను కూడా.

నా గదిలో ఉండే సవిత ధార్వాడ అమ్మాయి, మా గోల్‌కీపర్. కన్నడం, తెలుగు, హిందీ కలిపి మాట్లాడుకునేవాళ్ళం. ఒక సాయంత్రం నేను దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుంటే వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఏనాయ్తు, ఏమైంది రేణుకా? ఒళ్ళు కాలుతోంది" అంది. రోజూ ఇదే వేళకు నాకు జ్వరం వస్తోందని, వారం నుంచి తను గమనిస్తోందని, డాక్టరుకు చూపించమని చెప్పింది.

"కోచ్‌కు చెప్పకు" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ సీజనులోనే నాకు పదకొండు మందిలో ఖాయమైన చోటు దొరికింది. అది ఇంకొకరి పాలవుతుందని నా భయం. సవిత ఎవరికీ చెప్పలేదు. తరవాత ఆమె ఆ విషయానికి చాలా ఏడ్చింది. కానీ తప్పు నాదే.

ఫిబ్రవరి

ఆ రోజు మ్యాచ్‌లో రెండో సగం నడుస్తోంది. ఎదుటి జట్టు అమ్మాయి బంతితో నా ఎడమ పక్కకు వచ్చింది. అలాంటి బంతిని నేను వందలసార్లు ఆపాను. తిరగాలనుకున్నాను. పైభాగం తిరిగింది, కాళ్ళు తిరగలేదు. అక్కడే కూలబడ్డాను. నన్నెవరూ తాకలేదు, అందుకని రిఫరీ విజిల్ వేయలేదు. ఆ అమ్మాయి నన్ను దాటి పోయి గోలు కొట్టింది.

నేను గడ్డి మీద కూర్చుని నా కాళ్ళను చూసుకున్నాను. అవి ఉన్నాయి. కానీ మోకాళ్ళ కింద తడిమితే ఎవరివో కాళ్ళను ముట్టుకున్నట్టు ఉంది. కాసేపటికి లేచి నిలబడగలిగాను. అది చూసి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కోచ్ రెండు వారాలు ఇంటికి పోయి విశ్రాంతి తీసుకోమన్నాడు. నేను చిన్న సంచీలో నాలుగు జతల బట్టలు పెట్టుకుని వచ్చేశాను. బూట్లు గదిలోనే వదిలాను, ఎలాగూ తిరిగి పోతాను కదా అని.

మార్చి, ఊరు

ఇంట్లో పది రోజులు పడుకున్నా తగ్గలేదు. గడప దాటుతుంటే కాలు తట్టుకునేది. అమరచింత వైపు ఎముకలకు కట్టు కట్టే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడని, నడుములు సరిచేస్తాడని అమ్మ నన్ను ఆటోలో తీసుకుపోయింది. ఇలాంటివాళ్ళ దగ్గరే చాలామంది రోజులు పోగొట్టుకుంటారని ఇప్పుడు నాకు తెలుసు. నా విషయంలో మాత్రం జరిగింది వేరు. ఆయన నన్ను బోర్లా పడుకోబెట్టి, వేళ్ళతో వెన్ను వెంట మెల్లగా కిందికి వచ్చాడు. ఒకచోట ఆగాడు. మళ్ళీ అక్కడే తడిమాడు. నూనె గిన్నె పక్కకు జరిపాడు.

"ఈడ ఎముక బయటికి పొడుసుకచ్చింది. దీని మీద నేను చెయ్యి వెయ్య తల్లీ" అని అమ్మతో అన్నాడు. "ఇది బెణుకు గాదు. జర్రంత గూడ ఆల్శం చెయ్యకుండ పెద్ద దవాఖానకు తీస్కపో."

అమ్మ ఇవ్వబోయిన డబ్బులు కూడా తీసుకోలేదు. ఆయన పేరు నేను అడగలేదు.

మర్నాడు అన్నా నేనూ వనపర్తిలో ఎముకల డాక్టరు దగ్గర కూర్చున్నాం. ఆ గదిలో కుర్చీలు తక్కువ, జనం ఎక్కువ. చేతికి సిమెంటు కట్టు ఉన్న ఒక ముసలాయన నా ముఖం చూసి లేచి తన కుర్చీ ఇచ్చాడు. డాక్టరు నా వీపు చూడకముందే, మూడు నెలలుగా ఎవరూ అడగని మాటలు అడిగాడు. సాయంత్రం జ్వరం వస్తుందా? చెమటలు పడతాయా? బరువు తగ్గావా? అన్నింటికీ అవునన్నాను. అవునన్న ప్రతిసారీ అన్న నా వైపు చూశాడు. అతనికి ఇవేవీ తెలియవు. డాక్టరు హైదరాబాదు పెద్ద దవాఖానకు చీటీ రాసిచ్చాడు.

ఏప్రిల్, హైదరాబాదు

స్కానింగు, రక్తపరీక్షలు, సూదితో వెన్ను నుంచి ముక్క తీయడం. వాటి గురించి ఎక్కువ చెప్పను. చేయించుకున్నవాళ్ళకు తెలుసు, చేయించుకోబోయేవాళ్ళకు చెప్పి భయపెట్టడం ఎందుకు. నాకు గుర్తున్నది ఆ వరండా. పొడుగాటి వరండాలో గోడ వెంట స్ట్రెచర్లు, వాటి పక్కన చాపల మీద మనుషులు. అన్న కాగితాలు పట్టుకుని కిటికీ నుంచి కిటికీకి తిరుగుతుండేవాడు. అమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది. వదిన పద్మకు ఎనిమిది నెలల పాప, ఇంట్లో ఇంకో మనిషి కావాలి.

నా పక్క స్ట్రెచరు మీద నల్లమల నుంచి వచ్చిన ఒకతను ఉండేవాడు. తేనె పట్టు కోయబోయి చెట్టు మీద నుంచి పడ్డాడు. అతని భార్య పేరు ఈదమ్మ. మొదటి రెండు రోజులూ ఆమె నాతో ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు దువ్వెన పట్టుకుని వచ్చి నా తల దగ్గర నిలబడింది.

"తల గిట్ల అట్టలు గట్టింది. మీ అమ్మ రాలేదా?"

"రాలే."

"ఇటు మల్లు."

నేను పక్కకు ఒత్తిగిల్లాను. ఆమె చాలాసేపు ఓపికగా చిక్కులు తీసింది, ఒక్కసారి కూడా నొప్పి పుట్టలేదు. గట్టిగా జడ వేసి చివర తన దగ్గరున్న గుడ్డపీలికతో కట్టింది. స్ట్రెచరు ఎక్కినప్పటి నుంచి అప్పటిదాకా నేను ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను. ఆమె తన మనిషి దగ్గరకు పోయి కూర్చుంది.

మర్నాడు పెద్ద డాక్టరు వచ్చి జబ్బు పేరు చెప్పాడు. వెన్నుపూసకు టీబీ.

అన్న నమ్మలేదు. "దగ్గన్న లేదు గద సార్ దీనికి?"

ఇది ఊపిరితిత్తుల్లో లేదని, ఎముకలో ఉందని, ఇంట్లో వాళ్ళకు అంటుకోదని డాక్టరు విడమరిచి చెప్పాడు. చీము నరాల మీద ఒత్తుతోందని, అందుకే కాళ్ళు మాట వినడం లేదని, ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించాలని, ఆ తరవాత ఏడాదికి పైగా మాత్రలు మింగాలని చెప్పాడు.

"సార్, నేను ఎప్పుడు ఆడొచ్చు?" అని అడిగాను.

ఆయన "ముందు నడవాలమ్మా" అన్నాడు. అన్న వెంటనే, "ఆడుతది సార్, మూడు నెలల్ల లేచి ఉరుకుతది" అన్నాడు. ఆ మాట నాకు ధైర్యం చెప్పడానికే అన్నాడు. ఆ తరవాత ఫోను చేసిన ప్రతివాళ్ళూ అదే అన్నారు. మూడు నెలలు. ఆ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. నేను దాన్నే పట్టుకుని ఆపరేషన్ గదిలోకి పోయాను.

జూన్, మళ్ళీ ఊరు

మూడు నెలల మాట నెలలోపే ఒట్టిదని తేలింది. ఆపరేషన్ బాగానే అయింది, నొప్పి సగానికి తగ్గింది. కానీ కాళ్ళు ఇంకా నావి కాలేదు. ఇద్దరు పట్టుకుంటే నిలబడేదాన్ని, వదిలితే కూలిపోయేదాన్ని. ఛాతీ నుంచి నడుము దాకా గట్టి బెల్టు. పొద్దున్నే పరగడుపున మాత్రలు. వాటికి మూత్రం నారింజ రంగులో వచ్చేది. మొదటిసారి చూసి నెత్తురనుకుని కేక పెట్టాను. ఇలా వస్తుందని ముందే ఒక్కరు చెప్పి ఉంటే ఆ భయం తప్పేది. కడుపులో తిప్పడం, అన్నం వాసన పడకపోవడం నెలల తరబడి ఉండేవి.

జబ్బు పేరు ఊళ్ళో తెలియకూడదని అమ్మ పట్టుబట్టింది. "నడుము జారింది అని చెప్పుండ్రి. ఆ పేరు బయటికచ్చిందంటే మన ఇంట్ల ఎవ్వరు నీళ్ళు తాగరు." డాక్టరు చెప్పింది అన్న ఎంత చెప్పినా ఆమె తలకెక్కలేదు. నా కంచం, నా చెంబు వేరే పెట్టింది. నా దుప్పటి వేరే ఉతికింది. చేతులతో మాత్రం నన్ను విడిచిపెట్టలేదు. తనే ఎత్తి కూర్చోబెట్టేది, తనే స్నానం చేయించేది. ఆమె భయమంతా పాప గురించి, ఊరి గురించి. తన గురించి కాదు.

వదినకు కూడా నిజం చెప్పలేదు. ఇది నాకు తరవాత తెలిసింది. వేరే పెట్టిన కంచం వదిన చూసింది. ఒకరోజు నా మాత్రల అట్ట ఫోటో తీసి, గద్వాలలో వాళ్ళ తమ్ముడికి పంపింది. అతను మందుల షాపులో అడిగి ఇవి టీబీ మందులని చెప్పాడు. ఆ సాయంత్రమే వదిన పాపను ఎత్తుకుని పుట్టింటికి, గద్వాలకు పోయింది.

అన్న రెండుసార్లు పోయి ఒక్కడే తిరిగి వచ్చాడు. రెండోసారి వచ్చి షాపుకు పోకుండా ఇంటి ముందు కూర్చున్నాడు. అమ్మ వదినను తిట్టడం మొదలుపెట్టింది. అన్న లేచి, "ఆమెనెందుకు తిడ్తవ్? చెప్పొద్దన్నది నువ్వు గాదా?" అని అరిచాడు. అన్న అమ్మ మీద గొంతెత్తడం నేను అంతకుముందు వినలేదు. నాయిన ఇద్దరి మధ్యకు వచ్చి, "పిల్ల ఇంటున్నది" అన్నాడు. నిజమే, వింటున్నాను. అవతలి గదిలో మంచం మీద నుంచి కదలలేని నాకు వినడం తప్ప ఇంకేమీ లేదు. నా వల్ల ఒక ఇల్లు రెండుగా చీలిందని, నేను బతికి వాళ్ళకు ఏం ఒరిగిందని ఆ రోజు అనుకున్నాను. ఇలా అనుకున్నానని ఇప్పుడు రాయగలుగుతున్నాను. జబ్బుతో పడుకున్న మనిషికి ఇలాంటి ఆలోచన వస్తే అది జబ్బులో ఒక భాగమే, దాన్ని నమ్మి ఏ పనీ చేయకూడదు, ఎవరో ఒకరికి చెప్పాలి.

ఆగస్టు, వనపర్తి

వారానికి మూడు రోజులు నాయిన నన్ను ఆటోలో వనపర్తి దవాఖానకు తీసుకుపోయేవాడు. అక్కడి ఫిజియో షహనాజ్ మేడంది వనపర్తే, యాభై ఏళ్ళుంటాయి. మొదటి రోజు నా కాలి బొటనవేలు పట్టుకుని, కళ్ళు మూసుకోమంది. పైకి వంచుతోందా, కిందికి వంచుతోందా చెప్పమంది. నాలుగుసార్లు తప్పు చెప్పాను.

"మేడం, మూడు నెలలన్నరు. అయిపోయినయ్. నేను మల్ల ఆడుతనా?" అని అడిగాను.

ఆమె కాలు కింద పెట్టి నా పక్కన కూర్చుంది. "చూడు బిడ్డా. నడుస్తవ్. అది నాకు నమ్మకమున్నది, నీ కాలుల బలం వస్తున్నది. కానీ వీపుల ఇనుము ఉన్నంక గుద్దుకునే ఆట ఆడొద్దు. ఫుట్‌బాల్ అయితే అయిపోయింది."

నాయిన గోడ వైపు తిరిగాడు. నేను ఆ రోజు ఇంకే వ్యాయామమూ చేయనన్నాను. సరే అని ఆమె వదిలేసింది. ఆటోలో ఇల్లు చేరేదాకా ఆమెను మనసులో తిట్టుకున్నాను. కానీ తరవాతి వారం పోవడానికి ముందుగా తయారై కూర్చున్నది నేనే. అందరి మాటల్లోనూ ఆమె మాట ఒక్కటే నిలబడి ఆనుకోవడానికి పనికొచ్చింది.

ఒకరోజు నడక నేర్పే రెండు కమ్మీల మధ్య నిలబడి ఉండగా గది తలుపు దగ్గర వదిన కనిపించింది. చంకలో పాప. గద్వాల నుంచి నేరుగా వచ్చింది. నన్ను కాదు, షహనాజ్ మేడంను చూసి మాట్లాడింది.

"మేడం, ఒక్క మాట నిజం చెప్పుండ్రి. ఇది నా బిడ్డకు అంటుకుంటదా?"

"అంటుకోదు. ఈమెది ఎముకల ఉన్నది, ఊపిరిల లేదు. అయినా నీ మనసుల గుబులుంటే పాపను గూడ చూపించు, నేనే డాక్టర్‌కు చెప్త."

"ఒకే ఇంట్ల ఉండొచ్చా? ఒక్క కంచంల తినొచ్చా?"

"తిను. ఆమెకు తినబుద్ధి అయితలేదంట, నువ్వు పక్కన కూసుంటే తింటదేమో."

వదిన అక్కడి స్టూలు మీద కూర్చుంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "నాకు చెప్తే నేను పోయేదాన్నా రేణుకా? మీరు దాచిన్రు. దాస్తున్నరంటే అది అంటుకునేదే అనుకున్న."

బెంగళూరులో నేను దాచాను, ఇంట్లో అమ్మ దాచింది. ఆ రోజు వదిన మాతోపాటు ఆటోలో ఇంటికి వచ్చింది. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. వదిన లోపలికి పోయి, నా కంచం తీసి మిగతా కంచాలలో కలిపి కడిగింది. మర్నాటి నుంచి పొద్దున్నే నాకు బెల్టు బిగించే పని వదిన తీసుకుంది.

నవంబరు

కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్న రోజుల్లో క్లబ్బు నుంచి ఫోను వచ్చింది. మేనేజరు మర్యాదగానే మాట్లాడింది. ఒప్పందం ఇక కొనసాగించలేమంది. నాకు ముందే తెలుసు. అయినా తెలిసి ఉండడం వేరు, వినడం వేరు. వారం తరవాత సవిత నా సామాను పార్శిలు చేసింది. పైనే బూట్లు. అడుగున ఆరిపోయిన మట్టి ఇంకా ఉంది.

ఆ మర్నాటి నుంచి మాత్రలు మింగడం మానేశాను. ఎందుకని అడిగితే చెప్పలేను. చచ్చిపోదామని కాదు. పొద్దున్నే వదిన నీళ్ళ గ్లాసు ఇచ్చి పాప కోసం లోపలికి పోతే, మాత్రలు పరుపు కింద దోపేదాన్ని. వాంతులు తగ్గాయి, ఆకలి వేసింది. అమ్మ సంతోషించింది. అదే ఆ జబ్బులో మోసం. మందు మానినవాళ్ళకు మొదట బాగున్నట్టే ఉంటుంది. తిరగబెట్టినప్పుడు మునుపటి మందుకు లొంగకుండా వస్తుంది.

వారం దాటాక పరుపు ఎండకు వేద్దామని ఎత్తి వదిన చూసింది. నేను కేకల కోసం ఎదురుచూశాను. ఆమె అమ్మను పిలవలేదు. లోపలికి పోయి పాపను తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. జబ్బు తెలిసినప్పటి నుంచి నేను పాపను ఎత్తుకోలేదు, ఎవరూ ఇవ్వలేదు, నేను అడగలేదు. పాప నా బెల్టు బకిలు పట్టుకుని లాగింది.

"ఇగ ఇది నీ దగ్గర్నే ఉంటది. నిన్ను నమ్మి తెచ్చిన నేను" అంది వదిన. "నువ్వు గోలీలు మింగకుంటే ఈ రోగం యాడిదాక పోతదో నాకు తెల్వదు. నన్ను మల్ల గద్వాల పొమ్మంటవా? చెప్పు, పోత."

"వద్దు వదినా."

"మరి మింగు."

ఆమె చూస్తుండగా మింగాను. మధ్యాహ్నం ఆమే నన్ను వనపర్తికి తీసుకుపోయి, డాక్టరుకు జరిగినదంతా చెప్పించింది. ఆయన కోప్పడ్డాడు, మళ్ళీ పరీక్షలు చేయించాడు, మందులు మరికొన్ని నెలలు పొడిగించాడు. అదృష్టం కొద్దీ తిరగబెట్టలేదు. అది అదృష్టమే, నా గొప్ప కాదు.

ఆ తరవాతి ఏళ్ళు

బెల్టు తీసేసిన రోజు, కర్ర మూలన పెట్టిన రోజు, చివరి మాత్ర రోజు, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏ ఒక్కటీ పండగలా అనిపించలేదు. నడుస్తూ నడుస్తూ ఉండగా నడక మామూలైంది, అంతే. నాయిన మాత్రం నేను ఒంటరిగా చేను దాకా నడిచి పోయిన రోజు గొడ్డలి కింద పెట్టి, గట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయాడు.

షహనాజ్ మేడం దగ్గరకు పోవడం నేను మానలేదు. అవసరం తీరాక కూడా పోయి, పక్షవాతం వచ్చినవాళ్ళను పట్టుకుని నిలబెట్టడంలో సాయం చేసేదాన్ని. "నువ్వు బైపీసీ చదివినవు గద. ఈ చదువు చదువు" అని ఆమె ఒకరోజు మామూలుగా అంది. నేను నవ్వాను. ఇంటికి వచ్చాక నవ్వు రాలేదు. నా కంటే నాలుగైదేళ్ళు చిన్నవాళ్ళతో కలిసి హైదరాబాదులో ఫిజియోథెరపీ చదివాను. మొదటి ఏడాది ప్రయోగశాలలో ఎవరిదో వెన్నుపూస నా చేతికిచ్చి దాని భాగాలు చెప్పమన్నారు. చెప్పలేకపోయాను. లెక్చరరు దాన్ని తీసుకుని పక్క అమ్మాయికి ఇచ్చింది. నా జబ్బు సంగతి ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు

పోయిన చలికాలం మా జిల్లా అమ్మాయిల జట్టుతో నాగర్‌కర్నూల్‌కు పోయాను. ఫిజియోగా అది నా మొదటి టోర్నమెంటు కాదు గానీ, నేను ఆట మధ్యలో మైదానంలోకి పరుగెత్తవలసి వచ్చింది అదే మొదటిసారి. భవాని అని పందొమ్మిదేళ్ళ అమ్మాయి, ముందు వరసలో ఆడుతుంది. మెరుపులా ఉంటుంది. అప్పటికే ఒక గోలు కొట్టింది. ఒక క్లబ్బు వాళ్ళు తనను చూడడానికి వచ్చారని పొద్దుటి నుంచీ అందరికీ చెప్పింది. రెండో సగంలో ఒంటరిగా తిరగబోయి మోకాలు పట్టుకుని పడిపోయింది.

రిఫరీ చెయ్యి ఊపాడు. నేను సంచీ తీసుకుని గీత దాటాను. గడ్డి మీద పరుగెత్తి ఎన్నో ఏళ్ళయింది. ఆ సంగతి ఆమె దగ్గర మోకరిల్లాక గానీ నాకు తట్టలేదు.

మోకాలు పరీక్షించాను. కీలు ఎంత వదులుగా కదలాలో అంతకంటే ఎక్కువ కదిలింది. లోపల ఏదో తెగిందని చెయ్యికి తెలిసింది.

"అక్కా, బాగున్నది. లేస్త" అంది భవాని.

"లేవకు."

"స్ప్రే కొట్టు, సాలు. ఇంక ఇర్వై నిమిషాలే ఉన్నది. వాళ్ళు చూస్తున్నరక్కా."

"నాకు తెలుసు."

"నీకేం తెల్సు?" అని నా చెయ్యి తోసేసింది. "నువ్వు ఎన్నడన్న ఆడినవా?"

రిఫరీ వంగి, ఆడగలదా అని నన్ను అడిగాడు. కోచ్ గీత అవతలి నుంచి నా ముఖమే చూస్తున్నాడు. నేను తల అడ్డంగా ఊపి, స్ట్రెచరు తెమ్మని సైగ చేశాను. భవాని అరిచింది, నన్ను ఒక మాట కూడా అంది. ఆ మాట ఇక్కడ రాయను. నేను ఆమె కాలు కదలకుండా పట్టుకుని, స్ట్రెచరు వచ్చేదాకా అలాగే ఉన్నాను. నా కథ చెప్పడానికి అది సమయం కాదు. అప్పుడు ఆమెకు కావలసింది నా కథ కాదు, కదలని చెయ్యి.

మ్యాచ్ గెలిచారు. బస్సులో వెనక సీట్లో ఆమె కాలు నా ఒళ్ళో పెట్టుకుని ఐసు సంచీ పట్టుకున్నాను. మర్నాడే స్కానింగు చేయించాలని, ఏం వస్తుందో వచ్చాక ఉన్నదున్నట్టు చెప్తానని, ఇప్పుడు మాత్రం ఏ మాటా ఇవ్వలేనని చెప్పాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. ముందు సీట్లలో పిల్లలు పాటలు పాడుకుంటున్నారు. బస్సు నాగర్‌కర్నూల్ దాటి, పత్తి చేలు దాటి చాలా దూరం వచ్చింది.

"అక్కా" అంది, ముఖం తిప్పకుండానే. "ఐసు కరిగింది."

సంచీలో ఇంకో ప్యాకెట్ ఉంది. తీసి మార్చాను.